మత్తు డాక్టరుతో పది నిమిషాలు

విశాఖలో ఏ ఆసుపత్రికైనా వెళ్లి, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న వాళ్లను అడగండి. ఆపరేషన్ చేసేది ఏ డాక్టరో ఠక్కున చెబుతారు. మత్తు ఎవరిస్తున్నారంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

మా అమ్మ పిత్తాశయం ఆపరేషనప్పుడు మేమూ అంతే. ఉదయం ఎనిమిదింటికి టైమిచ్చారు. ఐదింటికే అలవాటు కొద్దీ పాల కాఫీ తాగేసింది. ఆ సంగతి చివరి నిమిషంలో బయటపడి, ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ‘‘తినొద్దన్నారు గానీ, కాఫీ తాగొద్దనలేదుగా’’ అంది. ఆవిడ తప్పేముంది? ఎందుకు వద్దో ఎవరూ చెప్పలేదు.

పూర్తి మత్తులో ఉన్న మనిషికి దగ్గు రాదు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మామూలుగా తేలికపాటి తిండికి, పాలకు 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటల గడువు పెడతారు. ఇంత చెబితే ఎవరికైనా అర్థమవుతుంది.

1846లో బోస్టన్‌లో మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి చూపించినప్పుడు నొప్పి తెలియకపోవడమే పెద్ద వింత. ఇప్పుడు మత్తు డాక్టరు రోగి ఊపిరి, గుండె, బీపీ, ఆక్సిజన్ కనిపెట్టుకుంటూ మెలకువ వచ్చేదాకా ఉంటారు. ముందే నోరు తెరిపించి, నాలుక చాపించి చూసేది గొంతులోకి గొట్టం వేయడం ఎంత కష్టమో అంచనా కట్టడానికి. 1985లో వెలువడిన ఆ పద్ధతిని ప్రపంచమంతా మల్లంపాటి స్కోరు అంటుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన మల్లంపాటి శేషగిరిరావు గారి పేరది. తలచుకుంటే గర్వంగా ఉంటుంది.

మన ప్రాంతానికి ఈ పరీక్ష, మత్తు డాక్టరుతో ముందే ఈ మాటలు మరీ అవసరం. పాడేరు, అరకు వైపు గిరిజనుల్లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు, సికిల్‌సెల్ ఉంది. ఆ జబ్బున్న వారికి థియేటర్ చలి, ఒంట్లో నీరు తగ్గడం, ఆక్సిజన్ కాస్త పడిపోవడం కూడా ముప్పే. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చేవారి కిడ్నీలు దెబ్బతిని ఉంటే కొన్ని మందుల మోతాదు మార్చాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడ ఆ మాట కొడుకుల ఎదుట చెప్పదు. పక్కన ఎవరూ లేనప్పుడు, తన యాసలో నెమ్మదిగా అడిగితే చెబుతుంది.

కాబట్టి ఆపరేషన్ తేదీతో పాటే మత్తు డాక్టరును కలిసే తేదీ కూడా చీటీ మీద రాసివ్వాలి. థియేటర్ గుమ్మంలో స్ట్రెచర్ మీద పడుకున్న మనిషి టెన్షన్‌లో అన్నిటికీ తలే ఊపుతాడు.