సవరణ: ఎగుమతులపై జీఎస్టీ ‘మినహాయింపు’ కాదు, ‘సున్నా రేటు’

గత పోస్టులో ‘ఎగుమతులకు జీఎస్టీ మినహాయింపు ఉంది’ అన్న వాక్యాన్ని ‘ఎగుమతులపై జీఎస్టీ రేటు సున్నా’ అని చదువుకోవాలి. ఇది మాటల తేడా కాదు, ఎగుమతిదారు డబ్బుకు సంబంధించిన విషయం. మినహాయింపు ఉన్న సరుకును దేశంలో అమ్మితే ముడిసరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు. ఎగుమతి చేస్తే మాత్రం 2017 నాటి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు, ఎగుమతి దిగుమతులకు వర్తించే జీఎస్టీ) చట్టం 16వ సెక్షన్ కింద ఆ పన్నును వెనక్కి అడగవచ్చు. మనకు వర్తించదులే అనుకుని చిన్న ఎగుమతిదారులు రీఫండ్ వదులుకుంటే అది నిజమైన నష్టం. దరఖాస్తుకు 2 సంవత్సరాల గడువు ఉంటుంది.

మరో వివరణ. పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఎగుమతిదారు పన్ను శాఖకు ఇచ్చే ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, అంటే హామీపత్రం) ఒక్క ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఏప్రిల్ 1 నుంచి పంపే సరుకుకు ఆర్ఎఫ్‌డీ-11 ఫారంలో కొత్తది ఇవ్వాలి. ఎల్‌యూటీ మీద పంపే సరుకు ఇన్వాయిస్ తేదీ నుంచి 3 నెలల్లో దేశం దాటాలి. కమిషనర్ గడువు పెంచితే తప్ప, ఆలస్యమైతే పన్నును వడ్డీతో సహా కట్టాలి. రేవులో కంటైనర్లు ఆగిపోయే రోజుల్లో ఈ తేదీ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి.

పోస్టులోని మిగతా విషయాల్లో మార్పు లేదు.