పెళ్లిచీరకు ఏడు సూత్రాలంటూ తిరిగే మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా ఆడపడుచు పంపింది. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. నిన్న పొద్దున్న, మాఘంలో కూతురి పెళ్లి పెట్టుకున్న మా పిన్నే పంపింది, "చూడవే, మన చిన్నదానికి పనికొస్తుందేమో" అంటూ.

"మీ శరీరాకృతికి తగిన పెళ్లిచీర: ఏడు సూత్రాలు" అని దాని పేరు. ఒళ్లు పియర్‌లా ఉందా, ఆపిల్‌లా ఉందా చూసుకుని చీర కొనాలట. పొట్టివాళ్లు పెద్ద అంచు కట్టకూడదట. లావుగా ఉన్నవాళ్లు కంచిపట్టు మానేసి ముదురు రంగు జార్జెట్ కట్టాలట. చామనఛాయ అమ్మాయిలకు పసుపు, ఆకుపచ్చ పనికిరావట. జాకెట్టు ఒక సైజు తక్కువ కుట్టించుకోవాలట. పెళ్లికి ముందు 21 రోజులు జ్యూసులు మాత్రమే తాగి 8 కిలోలు తగ్గాలట. చివర్లో గాజులు, జడ గురించి ఏదో ఉంది.

నేను విశాఖ కంచరపాలెంలో పద్నాలుగేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, పెళ్లికూతుళ్లకు చీరలు కడుతున్నాను. ఇక చూసీ చూడనట్టు ఊరుకోలేను.

పియర్, ఆపిల్ లెక్క కుట్టిన బట్టలది. గౌను నడుము దగ్గర ఎక్కడ బిగించాలి, కింద ఎంత ఘేర్ ఇవ్వాలి అన్నప్పుడు ఆ లెక్క నిజంగానే పనికొస్తుంది. చర్చిలో పెళ్లి చేసుకునే అమ్మాయి గౌను కుట్టించుకుంటానంటే, తుంటి వెడల్పుగా ఉంటే నడుము నుంచి విచ్చుకునే ఏ-లైన్ తీసుకోమని నేనే చెబుతాను. చీర సంగతి వేరు. అది అయిదున్నర మీటర్ల గుడ్డ. అక్క పెళ్లికి కట్టిన చీరే ఏడాది తిరిగాక చెల్లి కడుతుంది, ఇద్దరికీ అమరుతుంది. తుంటి దగ్గర ఎక్కువ గుడ్డ పడితే కుచ్చిళ్లు రెండు తగ్గుతాయి, బక్కగా ఉంటే రెండు పెరుగుతాయి. మీ ఆకారం చూసుకోవాల్సింది చీర కట్టే చెయ్యి. కొట్లో చీర ఎంచేటప్పుడు ఆ గొడవ అక్కర్లేదు.

పెద్ద అంచు మాట మాత్రం, చదవగానే కోపం వచ్చినా, సగం నిజమే. చీర పన్నా, అంటే వెడల్పు, దాదాపు 46, 48 అంగుళాలు ఉంటుంది. అయిదడుగుల అమ్మాయికి నడుము నుంచి పాదం దాకా కొలిస్తే 38కి మించదు. మిగిలిన ఎనిమిది, పది అంగుళాలు ఎక్కడికి పోతాయి? నడుము దగ్గర లోపలికి దోపాలి. పై అంచు కూడా జరీతో గట్టిగా ఉంటే అదంతా పొట్ట మీద ముద్దలా నిలబడుతుంది. కిందటేడు మా మేనకోడలికి చీర కడుతూ మూడుసార్లు విప్పి కట్టాను, ఆ ముద్ద పోలేదు. అందుకే పొట్టి అమ్మాయిలకు పై అంచు సన్నగా, కింది అంచు పెద్దగా ఉన్న చీర చూడమంటాను. పెద్ద అంచు అసలే వద్దనడం మాత్రం తప్పు.

లావుగా ఉన్నవాళ్లు జార్జెట్ కట్టాలన్నది పూర్తిగా తలకిందులు. పట్టు తన మడత మీద తను నిలబడుతుంది. జార్జెట్ ఒంటికి అతుక్కుని, ఒంటి మీదున్న ప్రతి మడతనూ చూపిస్తుంది. అందులోనూ మన విశాఖలో, వైశాఖంలో! ముహూర్తం రాత్రి పదకొండుకి ఉన్నా ఉప్పుగాలికి ఒళ్లంతా జిగటగానే ఉంటుంది. పైగా ఇప్పుడు జార్జెట్ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు పాలిస్టరే. హోమం ముందు కూర్చున్నప్పుడు నిప్పురవ్వ పడితే పట్టు వెంట్రుక కాలిన వాసనతో పొడిబూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. కంచిపట్టు బరువు మోయలేనంటే ఉప్పాడ జాందానీ ఉంది. మనకు పక్కనే, కాకినాడ దగ్గర నేస్తారు, ఒంటి మీద తేలిగ్గా ఉంటుంది. ఏది కొన్నా, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉందో లేదో చూడండి. కొనేవాళ్లకు అసలు పనికొచ్చే ఆ ఒక్క మాట ఏడు సూత్రాల్లో ఎక్కడా లేదు.

చామనఛాయకు పసుపు పనికిరాదా? పెళ్లికూతుర్ని చేసేరోజు పసుపు రాసి పసుపుచీర కట్టేది ఎవరికి? ఎర్రంచు తెల్ల మధుపర్కాలు ఒంటిరంగు అడిగి ఇస్తున్నారా? ఈ మాట రాసినవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది. రంగు గురించి చిన్నప్పటి నుంచి పడ్డ మాటలు చాలక, పెళ్లిచీర కొనేచోట కూడా ఆ పిల్ల తలొంచుకోవాలా? చీర రంగు కొట్లో ట్యూబ్‌లైట్ కింద కాకుండా గుమ్మం దగ్గర ఎండలో చూడండి, చాలు.

ఇక ఆ 21 రోజుల జ్యూసులు, ఒక సైజు తక్కువ జాకెట్టు. ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొడతాయి.

పెళ్లి జాకెట్టుకి ముందు ఆది జాకెట్టు, అంటే సరిగ్గా అమరిన పాత జాకెట్టు, చూసి కొలతలు తీసుకుంటాం. ఆ కొలతల ప్రకారం గుడ్డ మీద మెడ, చేతులు గీస్తాం. గుడ్డను మగ్గం చట్రానికి బిగించి ఆ గీత మీదే పూసలు, జరీ కుడతారు. కుట్టుపని ఆ తర్వాతే. ఒకసారి మగ్గం వర్క్ అయ్యాక పక్క కుట్లు బిగించొచ్చు, వదలొచ్చు. మెడ వెడల్పు, భుజం ఎవరూ మార్చలేరు. కొలతలిచ్చాక ఎనిమిది కిలోలు తగ్గితే ఏమవుతుంది? రెండేళ్ల కిందట గాజువాక వైపు అమ్మాయికి జరిగింది. ఇరవై రోజులు జ్యూసులే తాగింది. పెళ్లిరోజు ఎలాగూ ఉపవాసం. చీర కడుతుంటే జాకెట్టు భుజం మీంచి జారిపోతోంది, నేను పిన్నుల మీద పిన్నులు పెడుతున్నాను. గౌరీపూజకు పీట మీద కూర్చోబెట్టిన పది నిమిషాలకు ఆ పిల్ల కళ్లు తేలేసింది. చల్లగా చెమట పట్టిన ఆ చెయ్యి నా చేతిలో ఉంది. గ్లూకోజ్ నీళ్లు తాగించి, ఫ్యాన్ దగ్గరికి లాగి కూర్చోబెట్టాం. పక్కగదిలో వాళ్లమ్మ ఏడుపు. ముహూర్తానికి ఎలాగో లేచింది గానీ, ఆల్బమ్‌లో ఆ ముఖం చూస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది. రెండు నెలలు దాటాక జుట్టు కుచ్చులుగా ఊడుతోందని డాక్టర్ దగ్గరికి వెళ్లారు. తిండి ఒక్కసారిగా మానేస్తే జుట్టు ఊడేది ఇలా రెండు, మూడు నెలలకే. పిత్తాశయంలో రాళ్లు కూడా రావచ్చు.

సైజు తక్కువ జాకెట్టు గురించి చెప్పాలంటే, ట్రయల్‌కి వచ్చిన ప్రతి అమ్మాయినీ నేను రెండు చేతులూ ఎత్తమంటాను, తలంబ్రాలు పోస్తున్నట్టు. ఆ తర్వాత పీట మీద బాసింపట్టు వేసి పావుగంట కూర్చోమంటాను. చంక దగ్గర పట్టేసిందా, హుక్స్ లాగుతున్నాయా అప్పుడు తెలుస్తుంది. అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకుంటే ఏం తెలుస్తుంది? పెళ్లంతా కూర్చునే కదా జరిగేది!

గాజులు, జడ మీ ఇష్టం.

పిన్నీ, ఇది నీకే ప్రత్యేకంగా. ఆ మెసేజ్ చిన్నదానికి ఇంకా చూపించకపోతే చూపించకు. ఆదివారం దాన్ని ఆది జాకెట్టు, పెళ్లిరోజు వేసుకోబోయే లోపలి లంగా ఇచ్చి పంపు. పొద్దున్నే రానవసరం లేదు, మధ్యాహ్నం కడుపునిండా అన్నం పెట్టి పంపు. కొలతలు అప్పుడే తీస్తాను.