లైటు వెలిగింది, శబ్దం లేదు

గిటార్ శబ్దాన్ని మార్చడానికి కాలితో తొక్కే చిన్న యంత్రం పెడల్. కొత్తదాని పెట్టె విప్పగానే గిటారిస్టు చేసే మొదటి పని, అందులోని కాగితం తీసి పక్కన పడేయడం. దాంట్లో పనికొచ్చేవి నాలుగే ముక్కలు: ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీయాంపియర్లు, ప్లగ్గులో మైనస్ మధ్యలోనా అంచునా, బ్యాటరీ పడుతుందా లేదా. ఆ సాయంత్రం జరగబోయే రభసంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది. అందుకే కాబోలు, దాన్నెవరూ చదవరు.

మనవాడి దగ్గర శ్రుతి చూపే ట్యూనర్, పాదంతో ఆడిస్తే గిటార్ చేత 'వా వా' అనిపించే వా, శబ్దాన్ని కాస్త గరుకుచేసే ఓవర్‌డ్రైవ్ ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా వచ్చినవి శబ్దాన్ని చిరిగినట్టు వినిపించే ఒక ఫజ్, ప్రతిధ్వనినిచ్చే ఒక డిజిటల్ డిలే. ఒక్క పెడల్ కోసం బయల్దేరి ఒక్కదానితోనే తిరిగొచ్చిన గిటారిస్టు ఉంటే చూడాలని ఉంది.

ఇక అడాప్టర్. ఇంట్లో ఉన్న వైర్ల చిక్కులోంచి సరిపడేది తీయాలి. మనవాడి లెక్కలో సరిపడటమంటే కన్నంలో దూరడం. ఇంటర్నెట్ రౌటర్‌ది చక్కగా దూరింది. చిక్కల్లా ఏమిటంటే, పెడల్స్‌కి చాలామటుకు కావాల్సింది 9 వోల్టుల డీసీ, 2.1 మిల్లీమీటర్ల ప్లగ్గు, మధ్యలో మైనస్. రౌటర్లకు ఎక్కువగా 12 వోల్టులు, మధ్యలో ప్లస్. జాగ్రత్తగా తయారుచేసిన పెడల్‌లో సప్లైకి అడ్డంగా ఒక డయోడ్ ఉంటుంది. తిరగేసి కరెంటిస్తే అది తాను కాలిపోయి మిగతా సర్క్యూట్‌ని బతికిస్తుంది. కాబట్టి కమురు వాసనొస్తే మరీ కుంగిపోనక్కర్లేదు, చాలాసార్లు పోయేది ఆ డయోడొక్కటే. వోల్టులు పెంచితే హెడ్‌రూమ్ (శబ్దం పగలకముందు ఉండే జాగా) పెరుగుతుందని ఎవరో చెబితే నమ్మి 18 ఇచ్చేవాళ్లది ఇంకో రకం కష్టం. కొన్ని ఓవర్‌డ్రైవ్‌లు 9 వోల్టులనే లోపల ఒక చిన్న చిప్పుతో రెట్టింపు చేసుకుంటాయి. ఆ చిప్పుల్లో కొన్ని 10 వోల్టులు దాటితే తట్టుకోలేవు. అది వాసన కూడా రాకుండా పోతుంది.

అదృష్టం బాగుండి మనవాడు దూర్చడం వరకే చేశాడు, స్విచ్చి వేయలేదు. అసలు అడాప్టర్ దొరికింది. ఒకే వైరుకు అయిదు తోకలున్న డైసీ చెయిన్‌తో పెడల్స్ అన్నిటికీ కరెంటిచ్చాడు. లైట్లన్నీ వెలిగాయి. తీగ మీటాడు. నిశ్శబ్దం.

ఇక్కడినుంచి మనిషి బుద్ధి ఎలా పనిచేస్తుందో చూడాలి. ముందు గిటార్ వాల్యూమ్ పదికి తిప్పాడు. లేదు. ఓవర్‌డ్రైవ్ లెవెల్ పూర్తిగా తిప్పాడు. లేదు. ఫజ్‌కున్న రెండు నాబులూ చివరిదాకా. లేదు. ఆంప్ (యాంప్లిఫైయర్) మాస్టర్ వాల్యూమ్ సగానికి, ఆపైన ముప్పావుకి. ఊహూఁ. అప్పుడు కేబుళ్ల మీద పడ్డాడు. అయిదు పెడల్స్ అంటే మధ్యలో నాలుగు ప్యాచ్ కేబుళ్లు, అటొకటి ఇటొకటి పొడుగువి, వెరసి పన్నెండు ప్లగ్గులు. పన్నెండూ ఒకేసారి కదిపి చూశాడు. దీనివల్ల తేలేదేమీ ఉండదు. మామూలు పద్ధతి వేరే ఉంది: ఆంప్ తగ్గించి, గిటార్‌ని నేరుగా ఆంప్‌కి పెట్టి వినడం, తరవాత ఒక్కో పెడల్ చేర్చుకుంటూ రావడం. ఏది చేరిస్తే శబ్దం ఆగిందో అదే దోషి. ఓపికుంటే అయిదు నిమిషాల పని.

డిలేకి మాత్రం కేబుళ్లు నిజంగానే తారుమారయ్యాయి. పెడల్‌ని మనవైపు తిప్పి పెట్టుకుంటే ఎక్కువవాటికి ఇన్‌పుట్ కుడివైపు, అవుట్‌పుట్ ఎడమవైపు. చదివేదేమో ఎడమనుంచి కుడికి. చెయ్యి ఆ అలవాటునే పట్టుకుపోతుంది. అది సరిచేశాక కూడా చప్పుడు లేదు. చివరికి బేస్ వాయించే స్నేహితుడికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ట్యూనర్ మీద పచ్చ లైటు వస్తోందా?"

"వస్తోంది రా. తీగ కరెక్టుగా శ్రుతిలో ఉంది."

"అందుకే శబ్దం రావట్లేదు. దాన్ని తొక్కు."

ట్యూనర్ పెడల్ ఆన్‌లో ఉంటే మామూలుగా శబ్దాన్ని మ్యూట్ చేస్తుంది. స్టేజీ మీద శ్రుతి చేసుకునే గోల జనానికి వినబడకూడదని ఆ ఏర్పాటు. మనవాడు తొక్కాడు. గిటార్ పదిలో, ఫజ్ చివర్లో, ఓవర్‌డ్రైవ్ చివర్లో, ఆంప్ ముప్పావులో ఉన్న సంగతి తొక్కేముందు గుర్తురాలేదు. ఫోన్ కూడా చేతిలోనే ఉంది. అవతల స్నేహితుడికి ఇప్పుడా ట్యూనర్ విషయంలో ఏ సందేహమూ లేదు.

కిటికీ అద్దాలు కుదుటపడ్డాక అసలు పరీక్ష మొదలైంది. ఆంప్ తగ్గించాడు. వా తరవాత ఫజ్ పెట్టాడు, మడమ ముందుకీ వెనక్కీ ఆడించాడు. ఊడ్చినట్టు రావాల్సిన వా, ఈలేసి కేకపెట్టింది. ఫజ్ ఫేస్ అనే పెడల్ జాతి సర్క్యూట్ల ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే లోపలికొచ్చే సంకేతానికి అవి చూపే అడ్డు, చాలా తక్కువ. వా పెడల్‌ని అది నలిపేస్తుంది. అలాంటి ఫజ్ నేరుగా గిటార్ పికప్‌నే (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్నే) చూడాలి, మధ్యలో బఫర్ (సంకేతం బలహీనపడకుండా నిలబెట్టే సర్క్యూట్) కూడా దానికి గిట్టదు. మనవాడి ట్యూనర్ బఫర్ ఉన్న రకం, కూర్చున్నది ఫజ్‌కి ముందు. అందుకే గిటార్ వాల్యూమ్ ఏడుకు తగ్గిస్తే ముచ్చటగా శుభ్రపడాల్సిన ఫజ్, ఎంత తగ్గించినా గరగరలాడుతూనే ఉంది. ఫజ్‌ని మొదటికి జరిపితే రెండు రోగాలూ కుదిరాయి. అన్నట్టు, పాతకాలపు జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్‌లు కొన్ని, మామూలుగా మైనస్ ఉండాల్సిన చోట ప్లస్‌ని గ్రౌండ్ చేసుకుంటాయి. వాటిని మిగతావాటితో ఒకే డైసీ చెయిన్‌కి తగిలిస్తే సప్లై షార్టవుతుంది. వాటికి బ్యాటరీయో విడి సప్లైయో ఉండాల్సిందే.

ఫజ్ మీద మరీ కోపం పెట్టుకోకూడదు. దాని పుట్టుకే అలాంటిది. 1960ల మొదట్లో నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుంటే మిక్సింగ్ కన్సోల్లో ఒక భాగం పాడై గిటారిస్టు గ్రేడీ మార్టిన్ వాయించింది చిరిగిపోయినట్టు వినబడింది, దాన్నలాగే ఉంచేశారు. 1962లో మాస్ట్రో ఎఫ్‌జెడ్-1 పేరుతో ఆ శబ్దం పెట్టెలోకెక్కి అమ్మకానికొచ్చింది. చెడిపోయిన దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని, చెడిపోయినట్టు వినబడుతోందని కంగారుపడేది మనమే.

ఇంతలో ఫజ్‌లోంచి ఎవరో వార్తలు చదవడం మొదలుపెట్టారు. ఇదీ మామూలే. షీల్డింగ్ సరిగ్గా లేని కేబుల్ ఏరియల్ లాగా పనిచేస్తుంది, ఫజ్‌లోని ట్రాన్సిస్టర్ రేడియో సంకేతాన్ని డీమాడ్యులేట్ చేసి (అందులోని మాటను విడదీసి) వందలరెట్లు పెంచి వినిపిస్తుంది. మంచి కేబుల్ మార్చితే చాలాసార్లు పోతుంది. వార్తలు ఆగాక కింద హమ్ (గుయ్యిమనే రొద) బయటపడింది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ ఇంటి కరెంటు హమ్‌ని పీల్చుకుంటుంది, గిటార్ ఏ దిక్కుకు తిరిగి ఉందన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది తగ్గుతుంది. మనవాడు కుర్చీతో సహా తిరుగుతూ తిరుగుతూ నిశ్శబ్దమైన చోటు పట్టుకున్నాడు. గోడకు ముఖం, ఆంప్‌కి వీపు.

ఓవర్‌డ్రైవ్ నొక్కితే టోన్ బ్రహ్మాండంగా ఉంది, ఆపితే నీరసంగా ఉంది. పొంగిపోయే ముందు లెవెల్ నాబు చూసుకుంటే బాగుండేది. నొక్కినా ఆపినా శబ్దం ఒకే ఎత్తులో ఉండేలా సర్దాక చేసిన పోలికే పోలిక. లేకపోతే చెవి గట్టిగా ఉన్నదాన్నే మంచిదంటుంది, పెడల్ అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. సర్దాక చూస్తే తేడా మధ్య స్వరాల్లో కొంచెం ఉబ్బు, అంతే. ఉబ్బు బాగానే ఉంది గానీ బ్రహ్మాండం కాదు.

చివరిది డిలే. ఫీడ్‌బ్యాక్ నాబు మరీ పైకి తిప్పితే ప్రతిధ్వని తగ్గకుండా తనమీద తనే పేరుకుంటూ పోతుంది. చెయ్యి తీసేసినా ఆగదు, నాబు తగ్గించాలి. మనవాడు గిటారే కింద పెట్టి దూరంగా నిలబడి చూశాడు. అది కుదిరాక సన్నటి కీచు మిగిలింది. డిజిటల్ పెడల్ లోపలి క్లాక్ రొద డైసీ చెయిన్ గ్రౌండ్ ద్వారా ఫజ్‌లోకి పాకుతోంది. ఐసోలేటెడ్ (ఒకదానితో ఒకటి కలవని) అవుట్‌పుట్లున్న పవర్ సప్లై ఉంటే ఈ బాధ లేదు. అది లేదు కనుక డిలేకి విడిగా 9 వోల్టుల బ్యాటరీ వేశాడు. కీచు పోయింది. హాయిగా పడుకున్నాడు.

పొద్దున్నే డిలే లైటు వెలగలేదు. మళ్లీ ఫోన్.

"పెడల్ చచ్చిపోయింది రా. వెనక్కి పంపేస్తున్నా."

"రాత్రి పడుకునేటప్పుడు ఇన్‌పుట్‌లోంచి కేబుల్ పీకావా?"

పెడల్స్‌లో బ్యాటరీ స్విచ్చి ఇన్‌పుట్ జాకే. ప్లగ్గు అందులో ఉన్నంతసేపూ, ఎఫెక్ట్ ఆపేసినా సరే, కరెంటు తాగుతూనే ఉంటుంది. ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీయాంపియర్ గంటలు. ఒక్క మిల్లీయాంపియర్ లాగే ఫజ్ అయితే వారాలు నడుస్తుంది. 60 లాగే డిలేకి ఎనిమిది గంటలు.

"పీకలేదు. అయితే మాత్రం?"

"ఎన్నింటికి పడుకున్నావురా?"