పోటీకి సరైన మందు

చిల్లర వ్యాపారంలో కొత్తవాణ్ణి రానీయకుండా ఎట్లా ఆపాలో నేర్చుకోవాలంటే పరకాలలోనో నర్సంపేటలోనో ఒక వైన్స్ ముందు కాసేపు నిలబడాలి. తెలంగాణ రాష్ట్రం మొత్తానికి 2,620 మద్యం షాపులే. రెండేళ్లకోసారి కలెక్టరు సమక్షంలో డ్రా. కిరాణం పక్కనే ఇంకో కిరాణం పెట్టి ధరలు పడగొట్టే దుర్మార్గులకు ఇక్కడ చోటు లేదు.

దరఖాస్తుకు 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు. డ్రాలో తగలకపోతే పైసా వాపసు రాదు. ఒకరు ఎన్నైనా వేసుకోవచ్చు. 2025లో దరఖాస్తులు 95 వేలు దాటాయి, అంటే సగటున షాపుకు 36. ఒక్క మూత తీయకముందే షాపుకు కోటికి పైగా ఖజానాలో పడ్డదన్నమాట! సిండికేటు కట్టి 20 దరఖాస్తులు వేస్తే 60 లక్షలు. తగిలితే, ఊరి జనాభాను బట్టి ఏటా 50 లక్షల నుంచి 1.10 కోట్ల దాకా ఎక్సైజ్ పన్ను. షాపు పక్కనే కూర్చొని తాగే పర్మిట్ రూముకు వేరే. గౌడన్నలకు 15 శాతం షాపులు రిజర్వు చేశారు. దరఖాస్తుకే 3 లక్షలు పెట్టగల గీత కార్మికుణ్ణి వెతికే భారాన్ని సిండికేట్లు పెద్ద మనసుతో నెత్తికెత్తుకున్నాయి.

ఇంత పెట్టినవాడు రాబట్టేదెట్లా? ఎమ్మార్పీ సర్కారు చేతిలో, మార్జిన్ సర్కారు చేతిలో. ఇక సీసాల కేసులు ఎక్కువ కదలాలి. తాగేవాడు వైన్స్ దాకా రాకపోతే సీసానే ఊరికి పోతుంది. కేసుకు 48 క్వార్టర్లు. బెల్టు షాపువాడు ఒక్కోదానిపై 20 రూపాయలు వేసుకుంటే కేసుకు 960. లైసెన్సు లేదు, రాత్రి షట్టరు దించే టైము లేదు, డ్రై డే లేదు, బడికీ గుడికీ ఎంత దూరమో కొలిచే టేపు లేదు. రికార్డులో మాత్రం షాపులు 2,620 దాటలేదు కాబట్టి పాలసీ దిగ్విజయంగా నడుస్తున్నట్టే.

కనీసం బెల్టు షాపుల మధ్యనైనా పోటీ ఉందేమోనని బెంగ అక్కర్లేదు. నిజామాబాద్, నిర్మల్ వైపు కొన్ని ఊళ్లలో వీడీసీలు, అంటే గ్రామాభివృద్ధి కమిటీలు, ఊళ్లో మందు అమ్మే హక్కును వేలం వేస్తాయి. పాట దక్కినవాడే అమ్మాలి, ఇంకొకడు అమ్మితే జరిమానా. వచ్చిన సొమ్ము గుడికో ఊరి పనులకో పోతుంది కనుక అడిగేవాడు భక్తికి అడ్డుపడ్డవాడవుతాడు. పాడినవాడు ఆ పైకాన్ని మళ్లీ క్వార్టరు మీదే వేస్తాడు, 20 కాస్తా 30 అవుతుంది. ఎమ్మార్పీకే తెచ్చుకుందామని బండేసుకొని వైన్స్‌కు పోయేవాణ్ణి ఆపే రూలు మాత్రం ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు. వచ్చే పాటలోపు ఈ లొసుగును సరిచేయాలని కమిటీలకు మనవి.