గట్టు మీద ఉసిరి కొమ్మ

కార్తీక మాసంలో సోమవారాలూ ఆదివారాలూ నెల్లూరు నుంచి మైపాడు దారి ఎలా ఉంటుందో అటు వెళ్ళినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆటోలు, ట్రాక్టర్లు, వాటిలో డేగిశాలు, విస్తరాకుల కట్టలు, మధ్యలో ఇరుక్కున్న పిల్లలు. అందరి ధ్యాసా సముద్రం మీదే. సముద్రం కంటే ముందు వంతెన కింద బకింగ్‌హామ్ కాలువ వస్తుంది. అక్కడ ఎవరూ ఆగరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎండకూ ఇసుకకూ విసిగిన కొన్ని కుటుంబాలు గట్టు దిగి, దొరికిన నీడలో దుప్పటి పరుస్తాయి. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. గట్టు మీద ఉసిరి ఎక్కడుంది? ఇంటి దగ్గర కోసుకొచ్చిన కొమ్మను ఇసుకలో గుచ్చి, పసుపు కుంకుమ పెట్టి, పక్కన విస్తళ్ళు వేస్తారు. గాలికి కొమ్మ పడిపోతుంటే ఓ పిల్లవాణ్ణి పట్టుకుని నిలబడమంటారు.

కాలువ వయసు రెండు వందల ఏళ్ళు దాటింది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన చిన్న తవ్వకం, తీరం వెంబడే పెరుగుతూ వచ్చి పెదగంజాం దగ్గర కృష్ణా కాలువలను అందుకుంది. ధాత కరువులో, 1877–78లో, మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను కరువు పనిగా తవ్వించారు. గంజి కోసం మట్టి మోసినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే నిలిచింది. మన తీరం నుంచి ఉప్పు, వంటచెరకు పడవల్లో మద్రాసు వెళ్ళేవి. గాలి వాలు ఉంటే తెరచాప, లేకపోతే గడ. అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడమే. మనం దుప్పటి పరిచే గట్టు మీదే ఆ పడవవాళ్ళ కాళ్ళు అరిగాయి. 1965, 66 తుపాన్లకు కాలువ బాగా దెబ్బతింది. లారీలు వచ్చాక పడవల అవసరమూ తగ్గింది. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు, మన వైపు సరుకు పడవ మాత్రం రాలేదు. అలాగని కాలువ ఊరికే పడి లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఒడ్డు దాటిన నీటిని చాలాచోట్ల మింగింది ఇదే.

ఇలాంటి కాలువ గట్టు మీద ఒక పార్కు ఉండాలన్నది మా అభిప్రాయం. పార్కు అనగానే భయం కూడా వేస్తుంది. ఫైబర్ డాల్ఫిన్, రంగురంగుల ఇంగ్లీషు అక్షరాలతో సెల్ఫీ పాయింటు, ఒక శిలాఫలకం, రెండేళ్ళకు తుప్పుపట్టిన ఉయ్యాల. అది వద్దు. పోటునీరు వచ్చే కాలువల ఒడ్డుకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఎలాగూ వర్తిస్తాయి కాబట్టి భారీ కట్టడాలకు వీల్లేదు. ఒక రకంగా మంచిదే.

జనం ఎప్పుడొస్తారో తెలుసుకోడానికి సర్వే అక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు. కార్తీకం, కనుమ, వేసవి సెలవులు. సెప్టెంబరులో వేళాంగణి మాత ఉత్సవాలకు కోడూరు వెళ్ళేవాళ్ళు. చలికాలంలో పక్షుల కోసం వచ్చేవాళ్ళు. 2001లో మొదలై, మధ్యలో కొన్నేళ్ళు ఆగి, 2025 జనవరిలో మళ్ళీ జరిగిన ఫ్లెమింగో ఫెస్టివల్, 2022 నాటి జిల్లాల విభజనతో సూళ్లూరుపేటతో పాటే తిరుపతి జిల్లాకు పోయింది. పోతే పోయింది. మన కాలువకు మూడు రోజుల జాతర కంటే ఏడాదిలో ఓ యాభై రోజులు పద్ధతిగా నడిచే ఏర్పాటు ముఖ్యం.

ఇక్కడ ఒక చిక్కుంది. మన వనభోజనాల కాలమూ తుపాన్ల కాలమూ ఒకటే. ఈశాన్య రుతుపవనాల వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరాన్ని ఎలా ఊపేసిందో ఇంకా గుర్తే. కాబట్టి కావలసింది గాలికి ఎగరని కప్పు, నీళ్ళు నిలవని అరుగు, పొయ్యి పెట్టుకోడానికి గాలి మళ్ళించే చిన్న గోడ. ఉసిరి చౌడు నేలను కూడా కొంతవరకు తట్టుకునే చెట్టే. కాస్త ఎత్తుగా మట్టి పోసి పది మొక్కలు నాటితే, కొమ్మ పట్టుకు నిలబడిన పిల్లవాడు తన పిల్లల్ని వాటి కిందికి తీసుకురావచ్చు.

అన్నిటికంటే ముందు మరుగుదొడ్లు. పిక్నిక్ అంటే ఆడవాళ్ళు బయల్దేరే ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గిస్తారు. ఎండలో పులిహోర వడ్డిస్తూ గుక్కెడు నీళ్ళు తాగడానికి వెనకాడతారు. ఎందుకని మగవాళ్ళు అడగరు, వాళ్ళూ చెప్పరు. గది కట్టడం తేలికే. నీళ్ళ ట్యాంకు నింపేదెవరు, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, తుపాను తర్వాత మోటారు బాగుచేయించే డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? జలవనరుల శాఖ, పర్యాటక శాఖ, పంచాయతీ ముగ్గురూ బాధ్యులైతే ఎవరూ బాధ్యులు కారు. పంచాయతీకే అప్పగించి, సీజన్ రోజుల్లో మనిషిని పెట్టుకునే డబ్బు జిల్లా యంత్రాంగం ఇవ్వాలి.

గట్టు ఖాళీ స్థలం కాదన్న సంగతీ గుర్తుండాలి. కాలువలో పీతలు, రొయ్యలు పట్టుకుని బతికే యానాది కుటుంబాలున్నాయి. పార్కు పేరుతో వాళ్ళను లేపేస్తే మేం ఈ సంపాదకీయం వెనక్కి తీసుకుంటాం. తెడ్డు పడవ నడపడం, కాలువ చూపించడం వాళ్ళ పనే కావాలి, కూలి రోజు లెక్కన ముందే ఖాయం చెయ్యాలి. రొయ్యల చెరువుల మురుగు శుద్ధి లేకుండా కాలువలోకి వదలడం ఆగకపోతే మాత్రం ఆ పడవలో ముక్కు మూసుకుని కూర్చోవాలి.

ఒంగోలు వాళ్ళు కొత్తపట్నం బీచికి వెళ్ళేదీ ఈ కాలువ దాటే. అక్కడా ఇదే తంతు. రెండు జిల్లాలూ రెండు వంతెనల దగ్గర చెరో వంద మీటర్ల గట్టుతో మొదలుపెట్టవచ్చు. మొక్కలు ఆషాఢంలో కాకుండా వానలు పట్టాక నాటాలి, అరుగులూ మరుగుదొడ్లూ మాత్రం దసరాకే సిద్ధం కావాలి. దీపావళి మర్నాటి నుంచి ఆటోలు బయల్దేరతాయి.