ఎక్కించిన లెక్క సరే, వాడిన లెక్కేది?

పెద్ద సంస్థల వార్షిక సమీక్షలో నాలెడ్జ్ మేనేజ్‌మెంట్, అంటే ఉద్యోగుల అనుభవాన్ని పోగుచేసి మిగతావారికి అందించే పని వంతు వచ్చిందంటే వినిపించే అంకెలు దాదాపు ఒకేలా ఉంటాయి. పోర్టల్‌లోకి ఇన్ని వేల పత్రాలు ఎక్కించాం, ఇంతమంది లాగిన్ అయ్యారు, ఇన్ని శిక్షణ తరగతులు పెట్టాం. వాటిలో ఒక్క పత్రం చదివి ఫలానా ఉద్యోగి ఫలానా తప్పు చేయకుండా ఆగాడని చెప్పే స్లైడ్ మాత్రం కనిపించదు. గాదెలో ఎన్ని బస్తాలు పోశారో చెప్పి, ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో చెప్పనట్టుంటుంది ఈ లెక్క.

ఇలాంటి కార్యక్రమాలన్నీ దండగ అని మేము అనడం లేదు. నిజంగా ఫలితమిచ్చినవీ ఉన్నాయి. మన ఊళ్లలో కాగితం నకలుకే పేరైపోయిన జిరాక్స్ కంపెనీ సంగతి చూడండి. ఆ సంస్థ పరిశోధన కేంద్రంలో పనిచేసిన జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త 1980లలో కాపీ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. మెషిన్ మొరాయించినప్పుడు వాళ్లు కంపెనీ ఇచ్చిన మాన్యువల్ కన్నా, భోజనాల దగ్గరా కాఫీల దగ్గరా చెప్పుకునే ముచ్చట్లనే ఎక్కువగా నమ్ముకుంటున్నారని గమనించాడు. మొన్న నాకూ ఇలాగే అయింది, ముందు ఫలానాది చూడు అని ఒకడు అంటే రెండోవాడి పని సగం అయిపోయేది.

1990లలో ఆ ముచ్చట్లనే పోగుచేసి యురేకా అనే వ్యవస్థను కట్టారు. మొదట ఫ్రాన్స్‌లో మొదలైంది. చిట్కా పంపేది టెక్నీషియనే. పరీక్షించి ఖాయం చేసేదీ అనుభవమున్న తోటి టెక్నీషియన్లే. చిట్కాకు డబ్బు ఇద్దామన్న ఆలోచన వస్తే వాళ్లే వద్దని, దాని కింద తమ పేరు ఉంటే చాలన్నారు. బ్రెజిల్‌లో ఒక ఇంజినీరు, దాదాపు 40 వేల డాలర్ల కలర్ మెషిన్‌ను ఎంతకీ బాగుచేయలేక, విసిగిపోయిన కస్టమర్‌కు కొత్తది ఇచ్చేయబోతూ యురేకాలో వెతికాడు. కెనడాలోని మాంట్రియల్ టెక్నీషియన్ రాసిన చిట్కా దొరికింది. డాలరు కూడా చేయని ఫ్యూజు భాగం మార్చగానే మెషిన్ నడిచింది.

యురేకా వల్ల పది కోట్ల డాలర్లు మిగిలాయన్న అంచనా కూడా ఉంది. దాన్ని మేము పక్కన పెడతాం, కార్యక్రమం నడిపినవాళ్లే దాని లాభం లెక్కగడితే అంకె ఎప్పుడూ గుండ్రంగానే వస్తుంది కాబట్టి. బ్రెజిల్ ముచ్చట మాత్రం నమ్మబుద్ధేస్తుంది. చెప్పినవాడు, విన్నవాడు, మధ్యలో మిగిలిన సొమ్ము, మూడూ కళ్లకు కనబడుతున్నాయి.

ఇక అమెరికా అంతరిక్ష సంస్థ నాసా. గత ప్రయోగాల పాఠాలన్నీ నమోదు చేసే వ్యవస్థ అక్కడ ఏళ్ల తరబడి ఉంది. ప్రాజెక్టు మేనేజర్లు దాన్ని సరిగా వాడడం లేదని, పాఠాలు ఒకరి నుంచి ఒకరికి అందడం లేదని 2002 జనవరిలో ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థ చెప్పింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక కూలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. డేటాబేస్ చూడకపోవడమే కారణమనడం అన్యాయం. కానీ 1986లో చాలెంజర్‌తో ఏడుగురిని పోగొట్టుకున్న సంస్థ నాటి పొరపాటు ధోరణులనే మళ్లీ కొనసాగించిందని దర్యాప్తు బోర్డు చెప్పింది. ఆ తర్వాతైనా మారిందా అంటే, మేనేజర్లు ఆ వ్యవస్థలో చూసేదీ తక్కువే, రాసేదీ తక్కువేనని 2012లో నాసా సొంత ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు.

మన దేశంలోనే ఇన్ఫోసిస్ ఇంకో రకం పాఠం నేర్చుకుంది. 2000 ప్రాంతంలో, పోర్టల్‌కు పత్రం ఇచ్చినవారికి పాయింట్లు ఇచ్చి, వాటిని బహుమతులుగా మార్చుకోవచ్చంది. పత్రాలు వరదలా వచ్చిపడ్డాయి. పరిశీలించేవాళ్లకు ఊపిరాడలేదు, నాణ్యత పడిపోయింది. చివరకు ప్రోత్సాహకాల పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది. ఆ వరద వచ్చిన నెలల్లో ఎక్కించిన లెక్క మాత్రం ఎంత బ్రహ్మాండంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అలాగని ప్రతి పైసాకూ రాబడి చూపించమని పట్టుబట్టే ఆడిటర్‌తోనూ మేము ఏకీభవించం. ఒడిశాలో 1999 పెను తుపాను దాదాపు పదివేల మందిని బలి తీసుకుంది. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు మృతులు 50 లోపే. ఇందులో పాత అనుభవాన్ని పద్ధతిగా మార్చుకున్నందుకు ఎంత వాటా, మెరుగైన వాతావరణ అంచనాకు ఎంత, తుపాను షెల్టర్లకు ఎంత? ఎవరూ విడదీయలేరు. బతికి బయటపడ్డ మనిషి ఏ పద్దు కిందికి వస్తాడు?

రూపాయి లెక్క తేలదు కాబట్టి అడిగే ప్రశ్న మార్చాలి. మొదలుపెట్టే ముందే పదేపదే నష్టం తెస్తున్న ఒక పని పేరు చెప్పాలి. మాటిమాటికీ కాలే ట్రాన్స్‌ఫార్మర్ కావచ్చు, కొత్త ఉద్యోగి సొంతంగా పని అందుకోవడానికి పడుతున్న నెలలు కావచ్చు. ఆ పేరు చెప్పలేని కార్యక్రమానికి డబ్బు ఇవ్వకూడదు. ఒక డిపోలో అమలు చేసి, పక్క డిపోను అలాగే వదిలి, ఏడాది తర్వాత రెండూ పోల్చాలి. ఖర్చు వైపు పద్దులో సాఫ్ట్‌వేర్ బిల్లుతో పాటు, పత్రాలు రాయడానికి సీనియర్లు పెట్టిన గంటలూ రాయాలి. చాలా సంస్థలు వాటిని ఉచితం కింద జమకట్టేస్తున్నాయి. పాత పత్రాలన్నీ ఏఐ చాట్‌బాట్‌కు అప్పగిస్తే చాలు, అదే జవాబులు చెబుతుందన్నది ఇప్పటి ఊపు. తప్పు పత్రం, కాలం చెల్లిన పత్రం అందులో ఉంటే అది తడుముకోకుండా అదే చెబుతుంది. వాటిని ఏరేసే మనిషి జీతం కూడా ఖర్చులోకే వస్తుంది.

మన ప్రభుత్వ శాఖల్లో ఈ లెక్క మరీ అవసరం. డెల్టా కాలువల మీద గట్లూ తూములూ కనిపెట్టుకుని 30 ఏళ్లు పనిచేసిన లష్కర్‌కు ఏ తూము షట్టర్ వానాకాలంలో బిగుసుకుంటుందో, ఏ గట్టు ముందుగా చెమ్మ పడుతుందో తెలుసు. అతను రిటైరైన రోజు శాలువా కప్పి, ఫొటో తీసి పంపించేస్తారు. కొత్త ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వచ్చాక ఛార్జ్ అప్పగింతలో చేతులు మారేది తాళాలూ రిజిస్టర్లూ. గట్టు సంగతి అతనికి గండి పడిన రాత్రి తెలుస్తుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఇంట్లో ఉన్న అనుభవాన్ని వదిలేసి బయటి కన్సల్టెంట్‌తో పోర్టల్ కట్టించడానికి మాత్రం ఫైలు చకచకా కదులుతుంది.

జలవనరుల శాఖలు కొత్త పోర్టల్ టెండరు పిలిచే ముందు ఒక చిన్న పని చేసి చూడాలని మేము కోరుతున్నాం. ఈ ఏడాది రిటైరయ్యే లష్కర్‌తో కొత్త ఏఈని ఒక వారం గట్టు వెంట నడిపించండి. అతను చూపించిన చోట్లను మ్యాపులో గుర్తు పెట్టి, కింద అతని పేరు రాయండి. వచ్చే వానాకాలం అయ్యాక ఆ సెక్షన్‌లోనూ పక్క సెక్షన్‌లోనూ ఎన్ని గండ్లు పడ్డాయో, ఎన్నిటిని ముందే పసిగట్టారో పక్కపక్కన పెట్టి చూడండి. పోర్టల్ కట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.