తిట్లు తినడానికీ ఒక మనిషి కావాలి

వేసవి సెలవుల ప్రయాణం ట్రావెల్ ఏజెంటు చేతిలో పెట్టాలా, మనమే ఫోన్‌లో బుక్ చేసుకోవాలా అనే చర్చ తెలుగు కుటుంబాల్లో ఏటా మార్చిలో మొదలవుతుంది. పిల్లల పరీక్షలు అయ్యేలోపు ఇల్లు రెండు పార్టీలుగా చీలుతుంది, ఏప్రిల్ సగానికి వచ్చేసరికి బావగారు మరిదిగారికి ఫోన్ చేయడం మానేస్తారు. ఇంత తీవ్రమైన సమస్య మీద ఇప్పటిదాకా ఒక్క కమిటీ కూడా వేయకపోవడం విచారకరం. అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు, ఏజెంటు ఎంత తింటాడు, సొంతంగా చేసుకుంటే ఎంత మిగులుతుంది అని. అసలు లెక్క అది కాదని నా మనవి. తొమ్మిది మంది కలిసి వెళ్ళే ప్రయాణంలో ఏదో ఒకటి చెడి తీరుతుంది. చెడినప్పుడు అందరూ కలిసి తిట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఇంటివాడా, బయటివాడా అన్నదే ప్రశ్న. మిగతాదంతా జీఎస్టీ.

సీరియస్ విషయం కాబట్టి కాస్త చరిత్ర చూద్దాం. 1841 జులైలో ఇంగ్లండ్‌లో థామస్ కుక్ అనే పెద్దమనిషి లెస్టర్ నుంచి లఫ్‌బరోకి రైలు మాట్లాడి, తలకి ఒక షిల్లింగు చొప్పున తీసుకుని సుమారు 500 మందిని తిప్పి తీసుకొచ్చాడు. ప్యాకేజీ టూర్లకి మూలపురుషుడిగా ఆయన్నే చెప్తారు. ఆ జనం వెళ్ళింది మద్యపాన వ్యతిరేక సభకి. అదే వ్యాపారం ఇవాళ గోవాకి మూడు రాత్రులు నాలుగు పగళ్ళు అమ్ముతోంది, మానవజాతి పురోగతికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి. మన వైపు చూస్తే, అంతకు పదకొండేళ్ళ ముందే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య గారు ఏ ఏజెంటూ లేకుండా మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు, పరివారం వందమంది దాకా. దారిలో ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్ళు బాగుంటాయి, అన్నీ ఓపిగ్గా రాసిపెట్టారు, అంటే హోటల్ రివ్యూలు రాసే మన మరిదిగార్లందరికీ ఆయనే ఆదిపురుషుడు. అయితే ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి, పరివారం దగ్గర మాట నెగ్గించుకోగలిగి ఉంటారు. మనకి ఆ హోదా లేదు.

ఉదాహరణకి కేరళ తీసుకుందాం. ఊటీ అయిపోయి, కశ్మీర్‌కి బడ్జెట్ చాలక మన వాళ్ళు ఎక్కువగా తేలేది అక్కడే కదా. మున్నార్, తేక్కడి, అలెప్పీ, ఈ మూడూ ఆ వరసలోనే చూడాలని ఎవరు శాసనం చేశారో గానీ అందరూ అలాగే చూస్తారు.

సొంత బుకింగ్ పార్టీకి నాయకుడు సాధారణంగా ఇంటి చిన్నల్లుడు. సాఫ్ట్‌వేర్‌లో ఉంటాడు, ఎక్సెల్ షీట్ తయారు చేస్తాడు, దానికి రంగులు వేస్తాడు. ‘ఏజెంటుకి ఎందుకు మావయ్యా దండగ, వాడు చూసే సైటే మనమూ చూస్తాం’ అంటాడు. ఈ ఒక్క వాక్యంతో అతను ఏం నెత్తికెత్తుకున్నాడో ఆ క్షణాన అతనికి తెలీదు, అత్తగారికి మాత్రం తెలుసు, అందుకే ఆవిడ నవ్వుతుంది.

మొదటి పరీక్ష రైలు. 2024 నవంబరు నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది కాబట్టి, సరిగ్గా ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి చిన్నల్లుడు స్నానం చేసి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఒక టికెట్ మీద ఆరుగురి పేర్లే పడతాయి. మన వాళ్ళు తొమ్మిది మంది. ఇక్కడ రైల్వే శాఖకి తెలియకుండానే వాళ్ళు పెట్టిన నియమం ఉమ్మడి కుటుంబానికి అగ్నిపరీక్ష అయి కూర్చుంది: ఎవరు మొదటి టికెట్‌లో, ఎవరు రెండో టికెట్‌లో? మావగారు, అత్తగారు, తన కుటుంబం మొదటి దాంట్లో పెడితే తోడల్లుడి కుటుంబం రెండో దాంట్లోకి పోతుంది. మొదటిది కన్ఫర్మ్ అవుతుంది. రెండోదానికి ఓటీపీ వచ్చి, పేమెంట్ చక్రం తిరిగి తిరిగి ఆగేలోపు వెయిటింగ్ లిస్టు వచ్చేస్తుంది. అరవై రోజుల పాటు ఆ తోడల్లుడు రోజూ పొద్దున్నే పీఎన్ఆర్ స్టేటస్ స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు, ఒక్క మాట కూడా రాయకుండా. చార్టు తయారైనప్పటికి అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఈ-టికెట్ దానంతటదే రద్దయిపోతుంది. డబ్బు అకౌంట్లోకి వెనక్కొస్తుంది, వదినగారి పలకరింపు మాత్రం రాదు.

అదే ఏజెంటు చేసుంటే? అదే రైలు, అదే సైటు, అదే వెయిటింగ్ లిస్టు. కానీ అప్పుడు తోడల్లుళ్ళిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ‘వీడు ముందే చెప్పాలి కదండీ’ అని ఒకే గొంతుతో అనేవాళ్ళు. ఇరవయ్యేళ్ళుగా పెళ్ళిళ్ళూ పండగలూ సాధించలేని ఐక్యత అది.

లోయర్ బెర్తుల సంగతి ఇంకా సున్నితమైనది. మగవాళ్ళకైతే అరవై, ఆడవాళ్ళకైతే నలభై ఐదు దాటితే లోయర్ బెర్తు కోటా ఉంది, అదీ టికెట్ మీద ఒక్కరో ఇద్దరో ఉన్నప్పుడే. చిన్నల్లుడు నిబంధనలన్నీ చదివినవాడు కాబట్టి, ఉత్సాహంగా, అందరి ముందూ, ‘వదినా, మీకూ వస్తుంది లోయర్ బెర్తు’ అన్నాడనుకోండి. ఆ తర్వాత జరిగేది ఏ ఎక్సెల్ షీట్‌లోనూ ఇమడదు. ఏజెంటైతే ఆధార్ కార్డులు వాట్సాప్‌లో తెప్పించుకుని నోరెత్తకుండా పని కానిచ్చేవాడు.

ఇక హోటలు. సొంత బుకింగ్ పార్టీవాడు రాత్రి ఒంటిగంట దాకా రివ్యూలు చదువుతాడు. ఒకాయన ‘స్వర్గం’ అని ఐదు స్టార్లిస్తాడు, ఇంకొకాయన సాంబారులో కొబ్బరినూనె వాసనొచ్చిందని ఒకటిస్తాడు, కేరళ వెళ్ళి కొబ్బరినూనె మీద ఫిర్యాదు చేసిన ఆ మహానుభావుడు ఎవరో పేరు చూడకుండానే మన జిల్లావాడని చెప్పొచ్చు. ఫొటోలో మంచం అవతల లోయ, లోయ అవతల మంచు. తీరా వెళ్తే కిటికీ తెరవగానే పక్క హోటల్ వాళ్ళ నీళ్ళ ట్యాంకు. ‘ఎక్స్‌ట్రా బెడ్’ అని డబ్బు కట్టిన చోట నేల మీద పరిచే పరుపు. రూమ్ బాయ్ ఆ పరుపు భుజాన వేసుకుని తలుపులోంచి పక్కకి వంగి లోపలికొస్తుంటే, మావగారు మంచం అంచు మీద కూర్చుని చూస్తారు. ఏమీ అనరు. కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని మళ్ళీ చూస్తారు. తర్వాత గోడ వైపు తిరిగి, ‘మన వీధి చివర ఆ ఏజెంటబ్బాయి మంచివాడే పాపం’ అంటారు. అల్లుడికి అంతకన్నా తిట్టు తెలుగు భాషలో లేదు.

ఏజెంటు పార్టీ వాళ్ళు ఇది చదివి సంబరపడనక్కర్లేదు. ఏజెంటు పంపే పీడీఎఫ్‌ని ఎవరైనా చివరి దాకా చదివారా? మొదటి పేజీలో టీ తోట. రెండో పేజీలో ‘త్రీ స్టార్ ఆర్ సిమిలర్’. ఆ ‘సిమిలర్’లో ఎన్ని లాడ్జీలు పడతాయో దేవుడికే తెలియాలి. ఎమ్ఏపీ అంటే టిఫినూ రాత్రి భోజనమూ, మధ్యాహ్నం మీ తిప్పలు మీవి. ధర ‘ట్విన్ షేరింగ్’ మీద, అంటే మీ అబ్బాయి పుట్టడం వాళ్ళ లెక్కలో లేదు. ప్యాకేజీలో ఉన్నవి నాలుగు లైన్లు, లేనివి పేజీన్నర: ఎంట్రీ టికెట్లు, బోటింగు, కెమెరా ఫీజు, గైడు, చివర్లో ‘పైన పేర్కొనని సమస్తం’. ఘాట్ రోడ్డు మీద బండిలో ఏసీ వేయరని కూడా అందులోనే ఉంటుంది, కళ్ళద్దాలు మార్చుకోవాల్సినంత చిన్న అక్షరాల్లో. ఏడాది పొడుగునా అదే పీడీఎఫ్. మున్నార్ దగ్గర ఎరవికులం నేషనల్ పార్కుని నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులకి మూసేస్తారు. పీడీఎఫ్‌లో మాత్రం పన్నెండు నెలలూ రెండో రోజు ఉదయం ఎరవికులమే. మేకలు ఆ పీడీఎఫ్ చదవలేదు మరి.

డ్రైవరు సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కొచ్చి నుంచి మున్నార్ 130 కిలోమీటర్లు, నాలుగు గంటల పైనే పడుతుంది, ఆ దారిలో జలపాతం దగ్గర పది నిమిషాలు ఆపుతాడు, మసాలా తోట దగ్గర ముప్పావు గంట ఆపుతాడు. ఎందుకో అందరికీ తెలుసు, అయినా ఆడవాళ్ళు యాలకులు కొంటారు, గుంటూరు మిర్చి ఇంట్లో బస్తాలో ఉన్నవాళ్ళు కూడా మిరియాలు కొంటారు.

ఇప్పుడు అలెప్పీ హౌస్‌బోటు. నా వాదనంతా దీని మీదే నిలబడి ఉంది, తేలుతోంది అనాలేమో. మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కిస్తారు. సాయంత్రం ఐదున్నరకల్లా బోటు ఒడ్డుకి కట్టేస్తారు, చేపలవాళ్ళు వలలు వేసుకునే సమయం కాబట్టి. వాళ్ళ పొట్ట కొట్టి మనం తిరగడం న్యాయం కాదు, ఆ నియమం మంచిదే. ఇక మామూలు బోట్లలో పడగ్గది ఏసీ రాత్రి తొమ్మిదికి వేసి పొద్దున ఆరింటికి తీసేస్తారు. మే నెల. ఐదున్నర నుంచి తొమ్మిది దాకా తొమ్మిది మంది, ఒకే చోట, చెమటలు కక్కుతూ, కదలని పడవలో, టీవీలో మలయాళం చానెల్. ఎవరూ ఎక్కడికీ పోలేరు. చుట్టూ నీళ్ళు.

అల్లుడు బుక్ చేసిన బోటైతే ఆ మూడున్నర గంటలూ ఎవరూ మాట్లాడరు. పేపరు మడిచి విసురుకుంటారు, ఆ చప్పుడే తిట్టులా వినపడుతుంది. చిన్నల్లుడు లేచి డెక్ మీదకి పోతాడు, కాసేపు దోమలతో గడిపి తిరిగొస్తాడు. ‘రివ్యూల్లో ఎక్కడా రాయలేదు’ అంటాడు. రాశారు, పదకొండో పేజీలో. అతని భార్య కూడా అతని వైపు ఉండదు, పుట్టింటివాళ్ళు చూస్తున్నారు కదా.

ఏజెంటు బుక్ చేసిన బోటైతే ఆ చీకట్లో పండగ. మావగారు స్పీకర్ ఫోన్ పెడతారు. ‘ఏమయ్యా, ఏసీ అన్నావు, ఏదీ ఏసీ?’ అవతలి నుంచి ‘సార్ సార్, ఒక్క ఐదు నిమిషాలు సార్, నేను మాట్లాడతాను సార్’. అతను ఎవరితోనూ మాట్లాడడు, మాట్లాడడానికి ఏమీ లేదు, తొమ్మిదింటికి ఏసీ దానంతటదే వస్తుందని అతనికి తెలుసు. పావుగంటకోసారి వీళ్ళు ఫోన్ చేస్తారు. మధ్యమధ్యలో తోడల్లుడు ఫోన్ లాక్కుని ఇంగ్లిష్‌లో రెండు అంటిస్తాడు. అత్తగారు పక్కనుంచి అందిస్తుంది. పిల్లలు కూడా ఏదో అంటారు. తొమ్మిదికి ఏసీ వస్తుంది. ‘గట్టిగా అడిగితే గానీ వేయలేదు చూశావా’ అని మావగారు దుప్పటి కప్పుకుంటారు. ఆ కుటుంబం మున్నార్ మర్చిపోతుంది, తేక్కడిలో కనపడని ఏనుగుల్ని మర్చిపోతుంది, ఆ ఫోన్ కాల్‌ని మాత్రం పదేళ్ళు చెప్పుకుంటుంది. అది ఏ ప్యాకేజీలోనూ రాయని ఐటమ్, అసలు సరుకు అదే.

ఈ విషయంలో కాశీ యాత్ర వేసే మన తెలుగు ట్రావెల్స్ వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య, ‘వంటవాళ్ళు మాతోనే వస్తారు’ అని కరపత్రం. గ్యాస్ స్టవ్వూ, గిన్నెలూ, పప్పు డబ్బాలూ బస్సు డిక్కీలో. టూర్ మేనేజరు ఫోన్ అవతల దాక్కోడు, అదే సత్రంలో పడుకుంటాడు, పొద్దున నాలుగింటికి వేన్నీళ్ళు రాలేదని అతని గది తలుపే కొడతారు. ఎదురుగా నిలబడి, చేతులు కట్టుకుని తిట్లు తింటాడు. అయోధ్య చూసొచ్చిన పెద్దమ్మని ఎలా ఉందని అడిగితే, ‘పప్పుచారు మాత్రం బాగా పెట్టాడు’ అంటుంది.

మధ్యేమార్గం ఒకటుందని కొందరు తెలివిగలవాళ్ళు అంటున్నారు. ముగ్గురు ఏజెంట్ల దగ్గర కొటేషన్లు తెప్పించుకోవడం, వాళ్ళు రాసిన ప్లాన్‌లో హోటల్ పేర్లు పట్టుకుని మనమే బుక్ చేసుకోవడం. దీన్ని నేను దొంగతనం అనను, అందరం చేస్తున్నదే కాబట్టి. ఏజెంట్లూ తెలివి మీరి హోటల్ పేర్లు తీసేసి ‘త్రీ స్టార్ కేటగిరీ’ అని పంపుతున్నారు. తీరా మున్నార్‌లో గది దొరక్క, ఆ ఏజెంటుకే ఫోన్ చేసి ‘బాబూ, మీ దగ్గర బుక్ చేయలేదనుకో, అయినా…’ అని మొదలుపెట్టే పెద్దమనుషులున్నారు చూశారూ, వాళ్ళ ధైర్యం ముందు ఎవరెస్ట్ ఎక్కినవాళ్ళు దిగదుడుపే.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. రైలు మనం చూసుకుందాం, గది మనం చూసుకుందాం, బోటు కూడా మనమే. ఏజెంటు నుంచి ఒక్క సేవే కొనుక్కుందాం. అతని పేరు ఇంట్లో చెప్తాం, అన్నీ అతనే చేశాడంటాం, తేడా వస్తే స్పీకర్ ఫోన్లో దొరకాలి, ‘సార్ సార్’ అనాలి, ఐదు నిమిషాలు అడగాలి. తలకి ఇంత అని రుసుము, పిల్లలకి సగం, అత్తగారు స్వయంగా మాట్లాడితే అదనం. పన్ను ఎంత వేయాలో జీఎస్టీ కౌన్సిల్ వారు తేల్చుకోగలరు.

ఈ ప్రతిపాదనని తెలిసిన ఒక ఏజెంటు ముందు పెట్టాను. శ్రద్ధగా విన్నాడు, ఇప్పుడు చేస్తున్నదీ అదే కదండీ, కాకపోతే గదులు కూడా చూసిపెడుతున్నాను అన్నాడు. మరి వేసవిలో మీ కుటుంబాన్ని ఎక్కడికి తీసుకెళ్తారు అని అడిగాను. సీజన్‌లో కుదరదన్నాడు. వాళ్ళావిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతుందట, బస్సు టికెట్లు ఆవిడే బుక్ చేసుకుంటుందట. పోయిన ఏడాది అతను చేస్తే చివరి వరస సీట్లు వచ్చాయట.